ఆటలతో పనిమాటలు నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది ఐటీఐ, నర్సింగ్, డిప్లొమా చదువుల్లో చేరుతున్నారు. వాళ్ళకు చెప్పే టీచర్లూ, ట్యూషన్ మాస్టార్లూ, ఇంట్లో తమ్ముళ్ళను కూర్చోబెట్టి చదివించే అక్కలూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. రాయగడలో సాయంకాలం క్లాసులు నడుపుతూ తెలుసుకున్న సంగతులతో జవాబులు రాస్తున్నాను.

పనిమాటలు అంటే ఏవి? సాంకేతిక పదాలేనా?

అవి కూడా ఉంటాయి. పుస్తకంలో 'స్పానర్' అని ఉన్నదాన్ని షెడ్డులో పానా అంటారు. 'ఫైల్' అన్నదాన్ని మన ముసలి మేస్త్రీలు ఆకురాయి అంటారు, హిందీ ఫిట్టరు రేతి అంటాడు. ఈ మూడూ పనిమాటలే. పనిచేసే చోట నోటితో అడిగితే చేతికి వస్తువు రావాలి, చెవిన పడితే చెయ్యి కదలాలి. అలా పనికొచ్చే ప్రతి మాటనూ పనిమాట కిందే లెక్కవేస్తాను. మాట ఏ భాషదన్నది తర్వాతి సంగతి.

జాబితా ఇచ్చి బట్టీ పట్టిస్తే సరిపోదా?

మొదటి రెండేళ్ళూ నేను చేసింది అదే. ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండో వైపు తెలుగు అర్థం, వారానికి నలభై మాటలు, శనివారం పరీక్ష. మార్కులు బాగానే వచ్చేవి. ఫిట్టర్ ట్రేడులో చదివిన ఒక అబ్బాయి అప్రెంటిస్‌గా ఒక కర్మాగారంలో చేరాడు. మొదటి వారంలోనే సీనియర్ ఫిట్టరు "బారా-తేరా పానా దే" అన్నాడట. మనవాడు పెట్టెలో పన్నెండు నంబరుది ఒకటి, పదమూడుది ఒకటి, రెండు పానాల కోసం వెతుకుతూ నిలబడిపోయాడు. రెండు కొసలా రెండు కొలతలుండే ఒకే పానాను ఆ రెండు అంకెలతోనే పిలుస్తారని అతనికి నేను చెప్పలేదు. 'డబుల్ ఎండెడ్ స్పానర్' నిర్వచనం మాత్రం తప్పు లేకుండా రాసేవాడు. సెలవుకు వచ్చి ఆ మాట చెప్పినప్పుడు అతని ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచే జాబితాలు ఆపేశాను.

కారణం కూడా ఉంది. చదివిందాన్నే మళ్ళీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. పుస్తకం మూసి, గుర్తుచేసుకుని బయటకు తీస్తేనే నిలుస్తుంది. రోడిజర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఇది స్పష్టంగా తేలింది. చదివిన అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. రెండు రోజులకు, వారానికి పరీక్ష పెడితే, మధ్యలో చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్ళు ముందున్నారు. మంచి ఆట చేసేది ఇదే. ఇరవై నిమిషాల్లో ఒక్కో పిల్లవాడి చేత పది పదిహేనుసార్లు మాటను లోపలి నుంచి బయటకు తీయిస్తుంది. అదే పని పరీక్ష పేరుతో చేస్తే పిల్లలు బిగుసుకుపోతారు.

మొదటి ఆటగా దేన్ని తీసుకోవాలి?

నేను 'చేతికివ్వు' ఆటతో మొదలుపెడతాను. ఖర్చేమీ లేదు. బల్ల మీద పది పన్నెండు పనిముట్లు పరిచి పైన తువ్వాలు కప్పాలి. ఒకడు మేస్త్రి, ఒకడు హెల్పరు. మేస్త్రి బల్లకు వీపు పెట్టి, పనిచేస్తున్నట్టు చెయ్యి వెనక్కి చాపి అడుగుతాడు. హెల్పరు తువ్వాలు కింద తడిమి తీసి ఆ చేతిలో పెట్టాలి. చేతికి వచ్చినది సరైనదో కాదో మేస్త్రి కూడా చూడకుండా, తడిమే చెప్పాలి. తప్పయితే ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు.

రెండో వారంలో పేరు పలకడం నిషేధం. "ఎం 8 బోల్టు విప్పాలి" అనాలి, పదమూడు కొస ఉన్న పానా రావాలి. ఎనిమిది అన్నది బోల్టు మందం, పదమూడు అన్నది దాని తల కొలత, రెండూ మిల్లీమీటర్లలో. "ఎం 6" అంటే పది కొస. మూడో వారంలో పని మాత్రమే చెప్పాలి: "అంచు గరుగ్గా ఉంది" అంటే ఆకురాయి, "గోడ నిలువుగా ఉందో చూడాలి" అంటే తూకం గుండు. వస్తువు, పేరు, కొలత, పని ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. నెల తిరిగేసరికి పిల్లలు మాటను తెలుగులోకి మార్చుకోవడం మానేస్తారు. చెవిన పడగానే చెయ్యి కదులుతుంది.

ఆట ఏ భాషలో ఆడించాలి? తెలుగా, ఒడియానా, ఇంగ్లీషా?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈ మూడింటికీ హిందీ కలిపి నాలుగు భాషల్లోనూ ఆడించాలి.

మన పిల్లవాడు ఇంట్లో సుత్తి అంటాడు. బడిలో ఒడియా మాస్టారు హాతుడి అంటారు. పుస్తకంలో హేమర్ ఉంటుంది. సైటులో బీహార్ నుంచి వచ్చిన మేస్త్రి హథౌడా అంటాడు. రంపం, కరత, సా, ఆరీ కూడా అంతే. చాలామంది టీచర్లు వీటిలో ఒకటి 'సరైనది', మిగతావి 'మొరటు' అని పిల్లల మనసులో వేస్తారు. ఎక్కువగా మొరటు అనిపించుకునేది తెలుగే. అది పెద్ద నష్టం. ఇంట్లో నాన్న వాడే మాటకు విలువ లేదన్నట్టు అవుతుంది. పైగా కొత్త మాట తగిలించడానికి పిల్లవాడి మనసులో ఉన్న కొక్కేన్నే మనం పీకేసినట్టు.

దీనికి 'నాలుగు స్తంభాలాట' వాడతాను. చిన్నప్పుడు ఆడిందే. గది నాలుగు మూలలకు నాలుగు భాషల పేర్లు పెట్టాలి. మూలకొకరు, మధ్యలో ఒకరు. మధ్యలో ఉన్నవాడు వస్తువు పైకెత్తి చూపిస్తాడు. మూలల్లో ఉన్నవాళ్ళు తమ తమ భాషల్లో దాని పేరు చెప్పి, వెంటనే మూలలు మారాలి. ఆ సందులో మధ్యవాడు ఒక మూల పట్టుకుంటాడు. మూల దక్కనివాడు మధ్యలోకి. మూల మారగానే భాషా మారుతుంది కాబట్టి, ఒకే భాషలో దాక్కోవడానికి ఎవరికీ వీలుండదు. క్లాసులో సవర పిల్లలో, కువి మాట్లాడే పిల్లలో ఉంటే అయిదో స్తంభం పెట్టండి. ఒక సవర అమ్మాయి కొడవలికి తన భాషలో పేరు చెప్పినప్పుడు మిగతావాళ్ళంతా ఆమెతో పాటు పలికి నేర్చుకున్నారు. అప్పటిదాకా నోరు మెదపని పిల్ల, ఆ సాయంత్రం చివరి దాకా కబుర్లు చెబుతూనే ఉంది.

ఈ పద్ధతికి మన నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లల కోసం పాఠాలు తయారుచేశారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఆ కొండల కింద పాఠాలు చెబుతూ పిల్లల నోటి మాటను తక్కువ చేయడం మనకు తగదు.

ఒకేలా వినబడి వేరే అర్థం ఇచ్చే మాటలతో ఏం చేయాలి?

వాటికి విడిగా ఒక పూట ఇవ్వండి. సరిహద్దు పిల్లలకు అసలు చిక్కు అక్కడే. ఒడియాలో గోడ అంటే కాలు, పేట అంటే కడుపు, ముండ అంటే తల. పలుకుబడిలో చివర 'ఒ' వినిపిస్తుంది: గోడొ, పేటొ, ముండొ. ఒడియా రోగి కాలు నొప్పి గురించి చెబుతూ "గోడొ" అంటుంటే, పార్వతీపురం వైపు నుంచి కొత్తగా వచ్చిన నర్సింగ్ అమ్మాయికి గోడ మాటలా వినబడుతుంది. ఇక మూడో మాట మన ఇళ్ళలో తిట్టు కాబట్టి, ఆ పిల్ల ముఖం మాడ్చుకుంటుంది, పాపం రోగికి ఎందుకో తెలియదు. మేకును ఒడియాలో కంటా అంటారు. మనకు కాటా అంటే తూకం. హిందీ కాంటాకు ముల్లు, తూకం అనే అర్థాలు రెండూ ఉన్నాయి.

ఆట తేలిక. ఒక్కో మాటకు రెండు బొమ్మలు గీసి, రెండు గోడల మీద అంటించాలి. నేను ఒక పూర్తి వాక్యం ఒడియాలోనో తెలుగులోనో చెబుతాను. పిల్లలు సరైన బొమ్మ దగ్గరకు పరుగెత్తాలి. మాట ఒక్కటే చెబితే ఎటు పోవాలో తెలియదు, వాక్యమంతా వినాలి. వినే ఓపిక ఈ ఆటలోనే వస్తుంది.

నర్సింగ్ పిల్లలకు ఏ ఆటలు పనికొస్తాయి?

తంబోలా బ్రహ్మాండంగా పనికొస్తుంది. మందుల చీటీ మీద రాసే పొట్టి మాటలను టికెట్ల మీద రాయండి: ఓ.డి. (రోజుకు ఒకసారి), బి.డి. (రెండుసార్లు), టి.డి.ఎస్. (మూడుసార్లు), క్యు.ఐ.డి. (నాలుగుసార్లు), హెచ్.ఎస్. (పడుకునే ముందు), ఎస్.ఓ.ఎస్. (అవసరమైతేనే), ఏ.సి. (భోజనానికి ముందు), పి.సి. (భోజనం తర్వాత). పిలిచేవాళ్ళు అంకెకు బదులు అర్థం పిలవాలి: "రోజుకు మూడుసార్లు", "పడుకునే ముందు", "అవసరమైతేనే", "భోజనానికి ముందు". టికెట్ మీద కొట్టేసుకోవాలి. మొదటి వరుస పూర్తయినవాళ్ళు ఊరికే కేక వేస్తే చాలదు. తన వరుసలోని ప్రతి మాటతోనూ, రోగికి చెప్పినట్టు ఒక వాక్యం చెప్పాలి. "అమ్మా, ఈ బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని. ఆ వాక్యం కుదరకపోతే వరుస చెల్లదు.

రెండోది 'ముగ్గురి మాట'. ఒకరు రోగి, ఒకరు నర్సు, ఒకరు రోగి వెంట వచ్చిన చుట్టం. రోగికి చీటీ ఇచ్చి, అందులోని బాధను ఒడియాలో చెప్పమనాలి. నర్సు ప్రశ్నలడిగి ఇంగ్లీషులో చార్టు రాయాలి. చుట్టానికి తెలుగులో అర్థమయ్యేలా చెప్పాలి. చివర్న చుట్టం తాను విన్నది తిరిగి చెబుతారు. చీటీలో ఉన్నదీ చుట్టం చెప్పినదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ జారిందో పిల్లలకే తెలుస్తుంది. ఒకసారి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలపాలని చార్టులో ఉంది, చుట్టం దగ్గరకు వచ్చేసరికి అది గ్లాసు నీళ్ళు అయింది. లీటరు చోట గ్లాసు పడితే ఉప్పు ఎన్ని రెట్లు చిక్కబడుతుందో అప్పటికప్పుడు లెక్కవేయించాను. గ్లాసు పావు లీటరు అనుకుంటే నాలుగు రెట్లు. చిన్నపిల్లలకు అది ప్రమాదం. ఆ బ్యాచ్‌లో ఎవరూ ఆ కొలత మరిచిపోలేదు.

రోగిగా నటించేవాళ్ళను చూసి నవ్వడం మాత్రం ఒప్పుకోవద్దు. మొదటి రోజే చెప్పేయండి.

పరిశ్రమల్లో చేరే పిల్లలకు పెద్ద పెద్ద మాటలు ఎలా?

విడి మాటలుగా వద్దు, వరుసగా నేర్పండి. రాయగడ దగ్గరి జయ్‌కేపూర్ కాగితం మిల్లు 1962 నుంచి ఉంది. దామన్‌జోడిలో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. మన ఇళ్ళలో ఎవరో ఒకరు ఇలాంటి చోట్ల పనిచేసినవాళ్ళే.

కాగితానికి 'గొలుసు' ఆట ఆడిస్తాను. ఒక్కొక్కరి మెడలో ఒక అట్ట. చిప్పర్ చెక్కను ముక్కలు చేస్తుంది. డైజెస్టర్‌లో ఆ ముక్కలు రసాయనాలతో ఉడికి గుజ్జు అవుతాయి. కడగడం, తెల్లబరచడం, పేపర్ మెషీన్, డ్రయర్, రీల్. ఇది ఒక గొలుసు. డైజెస్టర్ దగ్గర రెండో గొలుసు విడిపోతుంది. ఉడకగా మిగిలిన నల్లటి ద్రవం బ్లాక్ లిక్కర్. అది ఎవాపరేటర్లో చిక్కబడి, రికవరీ బాయిలర్‌లో మండుతుంది. అడుగున మిగిలినది కరిగించగా వచ్చేది గ్రీన్ లిక్కర్. దానికి సున్నం తగిలితే వైట్ లిక్కర్. ఆ వైట్ లిక్కర్ మళ్ళీ డైజెస్టర్‌లోకే పోతుంది. క్రాఫ్ట్ పద్ధతి అంటే ఇదే. నలుపు, ఆకుపచ్చ, తెలుపు అట్టలు పట్టుకున్న పిల్లలు తిరిగి తిరిగి డైజెస్టర్ చెయ్యి పట్టుకోగానే వలయం పూర్తవుతుంది. "ఓహో, మందు వృథాగా పోదన్నమాట!" అని ఒకడు అరిచాడు. ఆ క్షణం కోసమే ఈ ఆట. 'రికవరీ' అన్న మాటకు అర్థం నేను చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత మధ్యలో ఒకరిని పక్కకు లాగి, "ఈ యంత్రం ఆగింది, దీని వెనక ఏమవుతుంది?" అని అడగండి. జవాబు చెప్పాలంటే ముందున్న అట్టల పేర్లు, వెనకున్న అట్టల పేర్లు వాడక తప్పదు.

ఇక డైజెస్టర్ అన్న మాట మీదే ఒక పావుగంట గడపవచ్చు. కాగితం మిల్లులో అది చెక్కను ఉడికిస్తుంది. అల్యూమినా కర్మాగారంలో అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికిస్తుంది, ఎర్రమట్టి వేరుపడుతుంది. జీవశాస్త్రం పుస్తకంలో డైజెషన్ అంటే జీర్ణం. మూడింటిలోనూ గట్టిదాన్ని విడగొట్టి, కావలసినది తీసుకోవడమే పని. ఒక మాట మూడు చోట్ల ఏం చేస్తోందో చూసిన పిల్లవాడికి నాలుగో చోట భయం ఉండదు.

చేనేత ఇళ్ళ పిల్లలకు ఇవి కావాలా?

బరంపురం పట్టు నేసే తెలుగు ఇళ్ళ పిల్లలకు మగ్గం మాటలు వచ్చే ఉంటాయి: పడుగు, పేక, నాడె, పన్నె, కండె. వాళ్ళు టెక్స్‌టైల్ డిప్లొమాలో చేరితే వార్ప్, వెఫ్ట్, షటిల్, రీడ్, పిర్న్ అని కొత్తగా చదువుతూ, తమకేమీ తెలియదనుకుంటారు. ఈ పది మాటలతో జోడీ కార్డులు చేసి బోర్లించి ఆడించండి. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పిల్లలే ఆ రోజు టీచర్లు.

మాటలు ఎక్కడి నుంచి సేకరించాలి?

పుస్తకం చివరి పదసూచిక నుంచి సగం. మిగతా సగం పనివాళ్ళ నుంచే. తాపీ మేస్త్రి దగ్గరో, మోటారు మెకానిక్ దగ్గరో గంటసేపు కూర్చుని, ఆయన హెల్పరుతో ఏమంటున్నాడో రాసుకుంటే చాలు. పిల్లలనే పంపండి, అదీ ఒక ఆటే: 'మాటల వేట'. జట్టుకు ఇద్దరు, ఒక నోటుబుక్కు, పుస్తకంలో లేని పది మాటలు తేవాలి. మేస్త్రి గారిని ముందే అడిగి, పని తెమిలే వేళ చూసి వెళ్ళాలి. తెలుగులో ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. ఊరూరా తిరిగి, పనిచేసేవాళ్ళ నోటి నుంచి ఏరిన మాటలవి. మన పిల్లల నోటుబుక్కు దానికి చిన్న తమ్ముడు.

ఒక్క రోజులో ఎన్ని మాటలు?

కొత్తవి ఎనిమిది. అంతకు మించితే కలగాపులగం అవుతుంది. ప్రతి ఆటలోనూ పాతవి మరో ఎనిమిది కలవాలి.

పాతవి ఏవి, ఎప్పుడు కలపాలి?

జర్మన్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పెట్టె పద్ధతి చాలు. చెప్పుల డబ్బాలో అట్టలతో మూడు గదులు చేయండి. కొత్త కార్డు మొదటి గదిలో, అది రోజూ వస్తుంది. సరిగ్గా చెబితే రెండో గదిలోకి, అది మూడు రోజులకోసారి. మళ్ళీ సరిగ్గా చెబితే మూడో గదిలోకి, వారానికోసారి. ఎక్కడ తప్పినా మొదటి గదికి రావాలి. వైకుంఠపాళిలో పాము మింగినట్టే కాబట్టి పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఫోన్‌లో ఆడే ఆటలు మంచివి కావా?

మంచివే, అవకాశముంటే. కహూట్ అనే క్విజ్ యాప్‌లో పిల్లలకు హుషారెక్కువ. కానీ ప్రతి జట్టుకూ ఒక ఫోను, నిలకడైన నెట్ ఉండాలి. మా వైపు వాన పడితే రెండూ నమ్మకం లేదు. ప్లికర్స్ అనే యాప్ నయం. పిల్లల చేతుల్లో అచ్చు వేసిన కాగితం కార్డులుంటాయి, ఏ వైపు పైకి పట్టుకుంటే ఆ జవాబు. టీచరు ఒక్క ఫోను కెమెరాతో గదంతా చదివేస్తుంది. అందరి జవాబూ తెలుస్తుంది, ఎవరు తప్పు చెప్పారో పక్కవాడికి తెలియదు.

ఒక్క జాగ్రత్త. తొందరగా నొక్కినవాడికి ఎక్కువ మార్కులిచ్చే ఆటలు పనిమాటలకు నాకు నచ్చవు. కరెంటు తీగల్లో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ గుర్తుపట్టడంలో తొందరను మెచ్చుకుంటే, రేపు కరెంటు బోర్డు ముందు అదే అలవాటు వస్తుంది. ఆలోచించి చెప్పినవాడికే మార్కు వేయండి.

ఓడినవాడు మూలన కూర్చుంటే?

ఒంటరిగా ఓడే ఆట పెట్టకండి. జట్లు వారం వారం మార్చండి. ఆట నుంచి తీసేసే పద్ధతి అసలే వద్దు. మాటలు రానివాడే ముందు ఔటవుతాడు, ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాడే చూస్తూ కూర్చుంటాడు. నేను ఆడించే ప్రతి ఆటలోనూ తప్పు చెప్పినవాడికి ఇంకో పని దొరుకుతుంది: మేస్త్రి కావడమో, పిలిచేవాడు కావడమో. పిలిచేవాడు అందరికంటే ఎక్కువ మాటలు పలుకుతాడు.

నోరు విప్పని ఆడపిల్లలకు పొడుపు కథలు బాగా కలిసొచ్చాయి. ఇంట్లో రాసుకుని వచ్చి చదవవచ్చు. ఒకమ్మాయి రాసింది: "ఇద్దరి నడుమ నలిగే పల్చటి పిల్ల, ఆ పిల్ల లేకుంటే ఇద్దరికీ వదులే". నట్టుకూ బోల్టుకూ మధ్య వాషరు. ఫిట్టర్ క్లాసులో మగపిల్లలు ఎవరూ విప్పలేకపోయారు.

తల్లిదండ్రులు "ఆటలాడించడానికా ఫీజు కట్టింది?" అంటే?

ఒక సాయంత్రం రమ్మని కూర్చోబెట్టండి. తండ్రి మేస్త్రి అయితే, 'చేతికివ్వు' ఆటలో ఆయన్నే మేస్త్రిగా నిలబెట్టండి. తన మాటలు కొడుకు నోట ఇంగ్లీషుతో కలిసి వస్తుంటే విన్న తర్వాత ఎవరూ మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు. బడి పెద్దలు అడిగితే, 2020 జాతీయ విద్యా విధానంలోనే 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ళ దగ్గర గడిపే ఏర్పాటు ఉందని చూపించండి. 'మాటల వేట'కు ఆ పది రోజులు సరిగ్గా సరిపోతాయి.

నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది?

రాత పరీక్ష నేను పూర్తిగా మానలేదు, చదువులో అదీ కావాలి కదా. నా కొలత మాత్రం వేరు. నెలకోసారి బయటి నుంచి ఒక పనివాణ్ణి పిలుస్తాను: ఎలక్ట్రీషియన్, స్టాఫ్ నర్సు, మగ్గం నేసే పెద్దాయన, ఎవరైనా సరే. ఆయన తన ధోరణిలో, తన భాషలో, తన వేగంతో పని చేస్తూ అడుగుతూ పోవాలి. పిల్లలు అందించాలి. అర్థం కానప్పుడు బిగుసుకుపోకుండా "మీరు దేన్ని అంటున్నారండీ, ఇదేనా?" అని అడిగితే దానికీ ఒక మార్కు వేస్తాను. బారా-తేరా పానా దగ్గర నిలబడిపోయిన ఆ అబ్బాయి ఇప్పుడు ఫిట్టరు. సెలవుల్లో ఊరికి వస్తే ఆ మార్కులు వేసేది అతనే.